‘బోనఫైడ్ తప్పనిసరి’ అని రాస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

అడ్మిషన్ల సీజన్ వచ్చింది కాబట్టి మీ జిల్లా పేజీలో రోజుకో ప్రకటన పడుతోంది. ఒకరోజు పాలిటెక్నిక్ కౌన్సెలింగ్, ఒకరోజు ఇంటర్ ప్రవేశాలు, ఇంకోరోజు స్కాలర్‌షిప్ రెన్యువల్. అన్నింటికీ చివర్లో ఒకటే వాక్యం: ‘అభ్యర్థులు బోనఫైడ్ సర్టిఫికెట్లు సిద్ధం చేసుకోవాలి.’ ఆ వాక్యం అచ్చయిన పొద్దున కోస్గిలో నా జిరాక్స్ షాపు షట్టర్ ఎత్తేసరికే జనం నిలబడి ఉంటారు. కొందరి చేతిలో మీ పేపర్ ముక్క, కొందరి ఫోన్లో దాని ఫొటో. “అక్కా, బోనఫైడ్ అంటే ఏందక్కా? నీ దగ్గర దొరుకుతదా?”

నా దగ్గర దొరికేది ఖాళీ ఫారం. ప్యాడ్‌లా కుట్టి వస్తుంది, ఒక్కో కాగితం చింపి ఇస్తాం. పైన ఇంగ్లిష్‌లో ‘దిస్ ఈజ్ టు సర్టిఫై దట్’ అని మొదలవుతుంది. శ్రీ, కుమారి అని రెండూ ఉంటాయి, ఒకటి కొట్టేయాలి. ఈజ్, వాజ్ అని రెండూ ఉంటాయి, అందులోనూ ఒకటి కొట్టేయాలి. చాలామంది సార్లు ఏదీ కొట్టేయరు. దాంతో ఆ పిల్లవాడు ఆ బడిలో చదువుతున్నాడు, చదివి వెళ్లిపోయాడు కూడా. కింద ఏడు వరుసల పట్టిక: తరగతి, విద్యాసంవత్సరం, బడి పేరు, ఊరు, మండలం, జిల్లా. అట్టడుగున కండక్ట్ అని చుక్కలు. ఆ చుక్కల మీద ‘గుడ్’ తప్ప వేరే మాట రాసిన కాగితం ఇన్నేళ్లలో నా మిషన్ మీదికి రాలేదు. మా దగ్గర చదువుకున్నోళ్లంతా మంచోళ్లే మరి.

మాట అసలు లాటిన్‌ది. ‘మంచి నమ్మకంతో’ అని అర్థం. కోర్టు కాగితాలు జిరాక్స్ తీయించుకునే వకీళ్ల నోట ఇది ఎక్కువగా వింటాను. భూమి కేసుల్లో ‘బోనఫైడ్ పర్చేజర్’ అంటారు, అంటే లోపల ఉన్న మోసం తెలియక, డబ్బు పెట్టి, నిజాయితీగా కొన్నవాడు. బడి విషయానికొస్తే ‘బోనఫైడ్ స్టూడెంట్’ అంటే నిజంగానే ఆ బడి రిజిస్టర్‌లో పేరుండి చదువుతున్న విద్యార్థి. ఆ సంగతి నిజమేనని రాసిచ్చేది బోనఫైడ్ సర్టిఫికెట్. మన దగ్గరికి వచ్చేసరికి స్టూడెంట్ పోయాడు, సర్టిఫికెట్ పోయింది, బోనఫైడ్ ఒక్కటి మిగిలింది. “సారు బోనఫైడ్ ఇచ్చిండా?” అంటే గొర్ల కాడికి పోయే తాత కూడా అర్థం చేసుకుంటాడు. అమెరికాకు చదువుకు పోయిన పిల్లలు ఫోన్ చేసి, అక్కడ బోనఫైడ్ అంటే ఆఫీసువాళ్లకు తెలియలేదని, ఎన్‌రోల్‌మెంట్ వెరిఫికేషన్ అని అడగాల్సి వచ్చిందని చెప్తుంటారు. అలా వాడటం తప్పని నేననను. మన నోటికి ఎక్కిన మాట మనది. నా గొడవ వేరే. ఒక్క మాట పెట్టి నాలుగు రకాల కాగితాలు అడుగుతున్నారు.

బస్ పాస్‌కు కావాల్సింది, పిల్లవాడు ఇప్పుడు చదువుతున్నాడని చెప్పే కాగితం. (2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో పాస్ అవసరం పోయింది. ఇప్పుడు పాస్ కాగితాలు పట్టుకొని వచ్చేది ఎక్కువగా మగపిల్లలే.) లోకల్, అంటే స్థానికుడని చూపించుకోవడానికి కావాల్సింది వెనకటి ఏళ్లలో ఎక్కడెక్కడ చదివాడో చెప్పే స్టడీ సర్టిఫికెట్. బడి మారేటప్పుడు కావాల్సింది టీసీ. కొన్నిచోట్ల నడవడిక కాగితం విడిగా అడుగుతారు. వీటన్నింటినీ నోటిమాటగా బోనఫైడ్ అనేస్తారు. ఆఫీసు కిటికీ లోపలున్న మనిషికి ఏది కావాలో తెలుసు. బయట నిలబడ్డ మనిషికి తెలియదు. లోపలి మనిషి విడమర్చి చెప్పడు, “బోనఫైడ్ తీసుకొని రాపో” అంటాడు. ఆమె బడికి పోయి ఈ ఏడాది చదువుతున్న కాగితం తెస్తుంది. “ఇది కాదమ్మా” అంటాడు. ఒక రోజు కూలి పోయింది, ఆటో చార్జీలు పోయాయి.

అన్నింటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది లోకల్ లెక్క. ఇది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ పేపర్‌లో ఒక్కసారి కూడా ఒకచోట కలిపి రాసినట్టు నేను చూడలేదు. ఉద్యోగాలకు 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా చూస్తారు. ఆ ఏడేళ్లలో నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు లోకల్. పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్లకే కాబట్టి ఈ ఏడు గళ్లే బతుకు తేలుస్తాయి. పాలిటెక్నిక్ అయితే నాలుగు నుంచి పది దాకా అడుగుతారు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కు ఆరు నుంచి ఇంటర్ దాకా. డాక్టరు సీటైతే 2024లో వచ్చిన జీవో 33 తర్వాత తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదువు తెలంగాణలోనే ఉండాలి. నాలుగు చోట్ల నాలుగు లెక్కలు, పేరు మాత్రం అన్నిచోట్లా బోనఫైడే. ఇంట్లో పెద్దన్న 1975 నాటి పాత ఉత్తర్వు కింద ఉద్యోగం తెచ్చుకున్నవాడైతే ఇంకా చిక్కు. ఆయన కాలంలో నాలుగు నుంచి పది చూసేవారు, తమ్ముడికీ అదే చెప్పి పంపుతాడు. తమ్ముడు హైస్కూల్ కాగితాలన్నీ జాగ్రత్తగా తెచ్చి నా టేబుల్ మీద పెడతాడు. ఒకటి, రెండు, మూడు ఉండవు.

2024 డీఎస్సీ అప్పుడు మా షాపులో జరిగింది చెప్తాను. 11,062 టీచర్ పోస్టుల డీఎస్సీ అది. సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అక్టోబర్ మొదటి వారంలో పెట్టారు, బడులకు అప్పుడే దసరా సెలవులు. ఒక తమ్ముడు పొద్దున్నే వచ్చాడు. మూడో తరగతి దాకా మా కోస్గి మండలంలోని ఊళ్లో చదివాడు. నాలుగు నుంచి ఏడు దాకా కొడంగల్‌లో మేనమామ ఇంట్లో ఉండి చదివాడు. కోస్గి నుంచి కొడంగల్ ఎంత దూరం? బస్సులో కునుకు పట్టేలోపే దిగాలి. అతను చదివే రోజుల్లో రెండూ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేవి. 2016లో జిల్లాలు చీల్చినప్పుడు కొడంగల్ వికారాబాద్‌కు పోయింది. మా కోస్గి మహబూబ్‌నగర్‌లో ఉండి, 2019లో నారాయణపేటకు వచ్చింది. ఉద్యోగాల కోసం జిల్లాలను కలిపి చేసిన జోన్లలో ఇప్పుడు కొడంగల్‌ది చార్మినార్ జోన్, మాది జోగులాంబ జోన్. ఊరు కదలలేదు, మనిషి కదలలేదు, జిల్లా కదిలింది. అతను తనను నారాయణపేట లోకల్ అనుకుంటున్నాడు. అమ్మానాన్నలు, ఓటు, రేషన్ కార్డు అన్నీ ఇక్కడే మరి. పట్టిక నింపుతూ వేళ్ల మీద లెక్కపెడితే వికారాబాద్ అని తేలింది.

అది అప్లికేషన్ పెట్టేనాడే తెలియాల్సిన సంగతి. అతని అదృష్టం, అప్లికేషన్ నింపింది నెట్ సెంటర్‌లో పనిచేసే తెలిసిన పిల్లాడు. తరగతులు అడిగి సరిగానే పెట్టాడట, వీడే పట్టించుకోలేదు. ఆరోజు ఇక మిగిలింది ఒకటో తరగతి నుంచి మూడు దాకా కాగితం. ఊళ్లో ప్రాథమిక పాఠశాలకు తాళం. హెడ్మాస్టర్ సారు సెలవులకు వాళ్ల ఊరు పోతూ ఉన్నాడు. ఫోన్ చేస్తే బండి మళ్లించుకొని వచ్చాడు, తాళం తీశాడు, బీరువాలోంచి పాత అడ్మిషన్ రిజిస్టర్ తీశాడు. ఆ పేజీని ఫొటో తీసి నాకే వాట్సాప్ పెట్టాడు, వివరాలు టైపు చేసి ప్రింట్ తీసి ఉంచమ్మా, సంతకం పెడతానని. అట్టకు చెదలు పట్టి ఒక మూల లేదు. నీలం సిరా అక్కడక్కడా కారిపోయింది. అయినా చదవొస్తుంది: అడ్మిషన్ నంబర్, పేరు, తండ్రి పేరు, వృత్తి దగ్గర ‘కూలి’, పుట్టిన తేదీ, చేరిన తేదీ. వెళ్లిపోయిన తేదీ గడిలో ఎర్ర సిరాతో ‘కొడంగల్‌కు’. ఒక్క మాట. ఆ ఒక్క మాట ఇరవై ఏళ్ల కింద ఎవరో టీచరు ఓపిగ్గా రాసి ఉంచబట్టి ఆ పిల్లాడి పని నిలబడింది. ఇలాంటి సార్లు ఉన్నారు, అదీ రాయాలి.

ఇక వలస పోయే ఇళ్ల సంగతి. మా మద్దూరు, కోస్గి, మక్తల్ వైపు దసరా దాటితే కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీల వెంట ముంబై, పుణె, భీవండి పోయే కుటుంబాలు మీకు తెలియనివి కావు. పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలేవాళ్లు కొందరు, బడిలో పెట్టే సీజనల్ హాస్టల్‌లో ఉంచేవాళ్లు కొందరు, వెంట తీసుకుపోయేవాళ్లు కొందరు. వెంట పోయిన పిల్లలు అక్కడ మున్సిపల్ బడిలో చేరతారు. ముంబై కార్పొరేషన్‌కు తెలుగు మీడియం బడులు కూడా ఉన్నాయి. అక్కడినుంచి వచ్చేటప్పుడు వాళ్లకు ఇచ్చేది ‘శాళా సోడల్యాచా దాఖలా’. బడి విడిచిన కాగితం, ఎల్‌సీ అంటారు. పేరు, పుట్టిన తేదీ, ఎప్పుడు చేరింది, ఎప్పుడు విడిచింది, ఏ తరగతి, నడవడిక, అన్నీ అందులో ఉంటాయి. మన బోనఫైడ్ కంటే ఎక్కువే ఉంటాయి.

ఒక వదిన అలాంటి కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవర్‌ను చీర కొంగులో చుట్టి తెచ్చింది. కొడుక్కు రెండు తరగతులు అక్కడ అయ్యాయి. ఇక్కడ ఒక ఆఫీసులో ఆ కాగితం చూసి, “ఇది దాఖలా, బోనఫైడ్ కాదు, బోనఫైడ్ అని రాసున్నది తేవాలి” అన్నారట. “బొంబాయి పోవాల్నా వదినా? మేస్త్రీకి ఫోన్ జేస్తే బడి పేరే మర్శిపోయిన అంటుండు” అంది. కాగితంలో ఉన్నదేమిటో చూడకుండా పైన ఏ పేరు రాసుందో చూసే పద్ధతి ఇది. ఎవరైనా ఒక పెద్ద ఆఫీసరు, ‘వేరే రాష్ట్రం బడి విడిచిన కాగితంలో తరగతి, సంవత్సరం ఉంటే చాలు’ అని ఒక్క లైను ఆర్డర్ రాస్తే ఆ ఇల్లు కుదుటపడుతుంది. కృష్ణా, మాగనూరు వైపు కన్నడ మీడియంలో చదివి, తర్వాత రాయచూరు బడులకు పోయిన పిల్లలదీ ఇదే కథ. వాళ్ల కాగితాలు కన్నడలో ఉంటాయి, చదివే మనిషి దొరకడు.

నా సొంత అనుభవం కూడా ఒకటి ఉంది. మా పాప చిన్న క్లాసులు ఒక ప్రైవేటు బడిలో చదివింది. కరోనా కాలంలో ఆ బడి మూతపడింది. ఆ యాజమాన్యాన్ని నేనేమీ అనను, ఫీజులు రాక, అద్దె కట్టలేక అప్పుడు ఎన్నో చిన్న బడులు పోయాయి. మూసిన బడి రికార్డులు మండల విద్యాశాఖ ఆఫీసుకు చేరాలి. చేరాయా అంటే చేరాయి, గోనెసంచిలో. సంచి ఉన్న గది తాళం వేరే మనిషి దగ్గర, ఆ మనిషి ఎలక్షన్ డ్యూటీలో. పాప గురుకులం సీటు గడువు మాత్రం ఎవరి డ్యూటీ కోసమూ ఆగదు. చివరికి సంచి విప్పి, హాజరు రిజిస్టర్లన్నీ కింద పోసి, మా పాప పేరు నేనే వెతుక్కున్నాను. దుమ్ముకు రెండు రోజులు దగ్గు. ప్రభుత్వానికి అప్పగించిన రికార్డులో నుంచి ప్రభుత్వానికే చూపించడానికి నేను కాగితం తీయాలన్నమాట. జిరాక్స్ షాపు నడిపే నాకే ఇట్లుంటే, అంగన్‌వాడీ మెట్టు దాటి ఏ ఆఫీసూ ఎక్కని తల్లి ఏం చేయాలి?

ఫీజు బాకీ ఉందని బోనఫైడ్, టీసీ ఆపుకునే బడులున్నాయి. ఇది రోజూ వింటాను. “వెయ్యి కట్టినంక సంతకం పెడ్తరట” అని పిల్లలే వచ్చి చెప్తారు. బాకీ వసూలు చేసుకోవద్దని ఎవరూ అనరు, దానికి వేరే దారులున్నాయి. 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చూడండి. వేరే బడికి మారే పిల్లలకు హెడ్మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న సాకుతో కొత్త బడి పిల్లల్ని చేర్చుకోకుండా ఉండకూడదు. ఎనిమిదో తరగతి దాకా ఉన్న పిల్లల కోసం చేసిన చట్టం అది. ఈ మాట నా షాపు గోడ మీద పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి అంటించాను. కొందరు దాన్నే ఫొటో తీసుకొని బడికి పోతారు. ఒక్కోసారి పని జరుగుతుంది కూడా. వకీళ్ల భాషలో బోనఫైడ్‌కు ఎదురు మాట మాలాఫైడ్, దురుద్దేశం. నిజాయితీ కాగితాన్ని తాకట్టు సరుకు చేసినవాళ్లకు ఆ రెండో మాట బాగా నప్పుతుంది.

ఈ గందరగోళం వల్ల నాకు గిరాకీ ఎక్కువ. తప్పు కాగితం తెచ్చినవాళ్లు మళ్లీ వస్తారు, మళ్లీ ఫారం కొంటారు, మళ్లీ జిరాక్స్ తీయిస్తారు. అయినా ఈ గిరాకీ నాకొద్దు. తరగతి గడులు చూపించి, పిల్లవాడి ఏడేళ్లు ఎక్కడ గడిచాయో ఆ తల్లిని అడిగి అడిగి రాసేసరికి ఇంకో పదిమంది వెనక లైన్‌లో తిట్టుకుంటుంటారు.

పెద్ద పరిష్కారం ప్రభుత్వం చేతిలో ఉంది. ఇప్పుడు చదివే ప్రతి పిల్లవాడికీ, బడుల వివరాలు ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో పెన్ నంబర్ (బడి మారినా మారని విద్యార్థి నంబర్) ఉంది. ఏ ఏడు, ఏ బడి, ఏ తరగతి, అన్నీ టీచర్లే రాత్రి పొద్దుపోయేదాకా ఎక్కిస్తున్నారు. సర్వర్ బిజీ అని వాళ్లు పడే టెన్షన్ నేను చూస్తున్నాను, కొందరు నా షాపులోనే కూర్చొని ఎక్కిస్తారు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో వస్తున్నప్పుడు, అంత కష్టపడి ఎక్కించిన వివరాలనుంచే స్టడీ సర్టిఫికెట్ కూడా అక్కడే ఎందుకు రాకూడదు? పాత రిజిస్టర్లు ఉన్నవాళ్లకు ఇంకా బడి దారి తప్పదు. కనీసం ఇప్పటి పిల్లలు ఇంటర్‌కు వచ్చేసరికైనా గోనెసంచులు విప్పే పని ఉండదు.

చిన్న పరిష్కారం మీ చేతిలో ఉంది, అందుకే ఈ ఉత్తరం. అధికారులు పంపిన ప్రెస్ నోట్‌లో బోనఫైడ్ అని ఉంటే మీ విలేకరి అదే మాట ఎక్కించి వదిలేయకుండా ఒక ఫోన్ కొట్టి అడగాలి. ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా? ఒక్క కాగితం మీద అన్నీ ఉండాలా, ఏ బడికి ఆ బడి విడిగా తేవాలా? పాత జిల్లా పేరు ఉంటే చెల్లుతుందా, కొత్త జిల్లా పేరు రాయించాలా? ప్రైవేటు బడిదైతే ఎంఈఓ (మండల విద్యాధికారి) సంతకం కావాలా? వేరే రాష్ట్రం కాగితం తీసుకుంటారా? మధ్యలో ఒక ఏడు చదువు ఆగితే తహసీల్దార్ దగ్గర రెసిడెన్స్ సర్టిఫికెట్ తేవాలా? ఇవి రాయడానికి మీకు పట్టే జాగా, మొన్న అదే పేజీలో వేసిన శాలువా సన్మానం ఫొటో అంత కూడా ఉండదు.

పాలిటెక్నిక్ సర్టిఫికెట్ల పరిశీలన వార్త ఈసారి రాసేటప్పుడు ‘బోనఫైడ్’ పక్కన ‘నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా’ అని కలపమని మీ విలేకరికి చెప్పండి. వార్త శనివారం వేయకుండా సోమవారం వేస్తే ఇంకా మేలు. ఆదివారం బడి ఉండదు.

– జిరాక్స్ సెంటర్ నిర్వాహకురాలు,
కోస్గి, నారాయణపేట జిల్లా